ఇంకొక ముక్క

బుక్కపట్నం
8 జూలై 2024

మంజులకు మీ వరలక్ష్మి అత్త రాస్తున్నది.

ఇక్కడ నేనూ బర్రెలూ బాగానే ఉన్నాం. మీ మామ సంగతి చెప్పడానికే కాగితం పట్టుకున్నాను. దగ్గర కూర్చుని గట్టిగా చెబితే నాకు వినబడుతుంది గానీ, ఫోన్లో నీ మాట ఒక్కటీ అందదు. మావాడు మధు చేత మెసేజ్ పెట్టిద్దామంటే వాడు తనకు తోచింది కలుపుతాడు. అంగన్‌వాడీలో ఇన్నేళ్లు రాసిన చెయ్యి ఇది, రాయడం నాకేమీ కష్టం కాదు.

మీ మామ కుడిపాదం వాపు నీకు గుర్తుండే ఉంటుంది. మీ తమ్ముడి పెళ్లిలో నువ్వు చూసి అడిగితే చెప్పు కరిచిందన్నాడు. చెప్పు కాదు, అంతకు చాలా ముందునుంచీ ఉంది. నొప్పి లేదు కాబట్టి గొర్రెల వెంట తిరుగుతూనే ఉన్నాడు. ఈ ఎండాకాలం పాదం పక్క పగిలి, కాలీఫ్లవర్ మాదిరి కండ పైకి పెరిగింది. చీము కారుతోంది. ధర్మవరంలో సర్జన్‌కు చూపిస్తే అంచున చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాడు. నిన్న రిపోర్టు వచ్చింది. మధు దాన్ని అక్కడే చదివి, వాళ్ల నాయన ముందరే "కేన్సరంట" అన్నాడు.

సర్జన్ మంచివాడే. మీ మామను కూర్చోబెట్టి, "ఇంకా గట్టిగా చెప్పలేం గానీ, కేన్సరే అయితే మోకాలి కిందినుంచి తీసేయాల్సి రావచ్చు. మనసు గట్టి చేసుకోండి" అన్నాడు. తిరుగు బస్సు కొత్తచెరువు దాటినాక మీ మామ నోరు తెరిచాడు.

"ఏమ్మే, వెంకటేష్‌కు చెప్పి పంపు. గొర్లు తోలుకపొమ్మను. ఒంటికాలితో వాటెనక యట్ల తిరుగుతా?"

వెంకటేష్ అంటే ఆయన తమ్ముడే, బత్తలపల్లిలో ఉంటాడు.

ముక్కలు చూసి రోగం చెప్పడమే నీ పని కదా. రిపోర్టు ఫోటో మధు పంపుతాడు. చూసి అవునో కాదో రెండు మాటల్లో రాయి. వదిన మోకాళ్లకు ఆముదం రాసుకుంటోందా, నేను అడిగానని చెప్పు.

మీ అత్త
వరలక్ష్మి

*

హిందూపురం
12 జూలై 2024

అత్తా,

నీ ఉత్తరం ఆసుపత్రికే వచ్చింది. మా ల్యాబులో పనిచేసే అమ్మాయి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మేడమ్, ఇంట్లోవాళ్లు ఇంకా పోస్టులో రాస్తారా?" అంది. అమ్మ ఆముదం రాసుకోవడం లేదు. మోకాలి పట్టీ కొనిస్తే దిండు కింద పెట్టుకుంది.

రెండు మాటల్లో రాయమన్నావు. రాయలేను. ఆ రిపోర్టులో కేన్సర్ అని లేదు, కేన్సర్ అనుమానం అని ఉంది. మధు మొదట పంపిన ఫోటోలో కింది భాగం మడతపడింది. మళ్లీ తీయించి చూశాను. ఆ మడత కింద, "లోతైన ముక్క పంపితే నిర్ధారించవచ్చు" అని ఇంకో వాక్యం ఉంది. అనుమానం వేరు, రోగం వేరు. మామకు ఈ ఒక్క మాట గట్టిగా చెప్పు.

ఫోటో చూసి నేనేమీ చెప్పలేను, ముక్కనే చూడాలి. అది పారేసి ఉండరు. తీసిన ముక్కను ముందు కుళ్లకుండా ఫార్మలిన్‌లో నానబెడతారు. తర్వాత అందులోని నీరంతా లాగేసి, కరిగిన మైనంలో దించి చిన్న దిమ్మెగా పోస్తారు. మైనం గట్టిపడ్డాక మిషన్‌తో ఉల్లిపొర కంటే పల్చగా కోసి, గాజు పలక మీద పరిచి రంగులు వేస్తారు. అప్పుడు ఒక్కొక్క కణం కనిపిస్తుంది. దిమ్మెలో కోయగా మిగిలింది ల్యాబులోనే ఏళ్ల తరబడి భద్రంగా ఉంటుంది. మధును ధర్మవరం పంపి, ఆ మైనపు దిమ్మె, గాజు పలకలు అడిగి తెప్పించు. అడిగితే ఇస్తారు, అది మామ హక్కు.

గొర్రెలు ఇప్పుడే ఇవ్వొద్దని చెప్పు.

మంజుల

*

బుక్కపట్నం
18 జూలై 2024

మంజులా,

నీ ఉత్తరం రాకముందే వెంకటేష్ వచ్చి గొర్రెలు తోలుకుపోయాడు. మీ మామ గేటు దాకా కూడా పోలేదు. మంచం మీద కూర్చుని గోడ వైపు చూస్తూ ఉన్నాడు. అవి అరుచుకుంటూ పోయాయని పక్కింటివాళ్లు చెప్పారు, నాకైతే వినబడదు కదా.

మధు దిమ్మె తెచ్చాడు. నేను ఏదో సీసా అనుకున్నాను, చూస్తే చిన్న తెల్ల మైనపు బిళ్ల. మధ్యలో కందిబద్దంత బూడిదరంగు మచ్చ. అది మీ మామ కాలంటే నమ్మకం కుదరలేదు. ఎండకు కరుగుతుందేమోనని నీళ్లకుండ పక్కన పెట్టాను. మీ మామ వచ్చి, వంగి చూసి, "ఇంతదానికి అంత పెద్ద పేరు పెట్టినారా" అని బయటికి పోయాడు.

మధు రేపు పెనుకొండలో పనికి దిగకుండా నేరుగా హిందూపురం వస్తాడు. కార్ల ఫ్యాక్టరీలో లీవు పెట్టాడు. వాడు ఉద్యోగం మానేసి ఇంటి పట్టున ఉంటానంటున్నాడు. నాయన మంచాన పడితే చేనెవరు చూస్తారని వాడి బాధ. వద్దని చెప్పాను. నా మాట ఎంత వింటాడో తెలియదు.

అందిన రోజే చూడు పాపా. పాదం మీది ఆ కండ పువ్వు ఇంకా పెరిగింది.

మీ అత్త

*

హిందూపురం
27 జూలై 2024

అత్తా,

అందిన రోజే చూశాను. దిమ్మెలో మిగిలినదంతా, ఇంక మైనం తప్ప ఏమీ లేదనేదాకా, కొత్తగా కోయించి చూశాను. ఉత్తరం ఆలస్యమైంది అందుకే.

నాకు కనిపించింది ఇది. చర్మపు కణాలు వేళ్ల మాదిరి లోపలికి దిగి ఉన్నాయి. కేన్సర్‌లో అలాగే దిగుతాయి, అందుకే ఆ ల్యాబు డాక్టరు అనుమానించాడు. అందులో తప్పు లేదు. కానీ ఏళ్ల తరబడి మానని పుండు అంచున కూడా చర్మం అలాగే దిగుతుంది. రెండింటికీ తేడా తెలియాలంటే ప్రతి కణం నడుమ ఉండే ముదురు చుక్కను చూడాలి. కేన్సర్‌లో ఆ చుక్కలు ఒకదానికొకటి పోలిక లేకుండా ఉబ్బి, నల్లబడి, వరస తప్పుతాయి. మామ ముక్కలో అవి చాలావరకు కుదురుగా ఉన్నాయి. ఇంకొకటి కూడా ఉంది. ముక్క అడుగున చీము కణాలు గుంపుగా మూగి ఉన్నాయి. అవి దేన్నో చుట్టుముట్టాయి. ఆ 'దేన్నో' అన్నది ఈ ముక్కలో లేదు, ముక్క అక్కడికే అయిపోయింది.

అందుకని లోతుగా ఇంకొక ముక్క కావాలి. ఇది నా ఒక్కదాని మాట కాకూడదని పలకలను బెంగళూరులో మా మేడమ్‌కు పంపాను. నాకు చదువు చెప్పింది ఆవిడే. సొంతవాళ్ల ముక్క చూసేటప్పుడు కన్ను తనకు కావలసింది వెతుక్కుంటుంది, అది మంచిది కాదు.

మామను రెండు విషయాలు అడుగు. ఆ పాదంలో ఎప్పుడైనా ముల్లు దిగి లోపలే ఉండిపోయిందా? కట్టు మార్చేటప్పుడు చీములో రవ్వలాంటి పలుకులు ఎప్పుడైనా కనిపించాయా?

మంజుల

*

బుక్కపట్నం
1 ఆగస్టు 2024

మంజులకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నాకర్థమైంది ఇంతే. ఒక ముక్క తీశారు, చాలలేదన్నావు. దిమ్మె పంపాను, చాలలేదన్నావు. ఇప్పుడు ఇంకొకటి తీయమంటున్నావు. నీకు తెలియక మీ మేడమ్‌కు పంపావా, తెలిసి చెప్పలేక పంపావా? మధు రెండోదే అంటున్నాడు. "మంజుల వదినకు తెలుసు, చెప్పేదానికి నోరు రావడంలే" అంటాడు.

మీ నాయన సంగతి నేను మరిచిపోలేదు. మా తిమ్మప్పన్న నోట్లో పుండుకు కూడా మొదటి ముక్క సరిపోలేదన్నారు, రెండోది తీశారు, ఆ రిపోర్టు కోసం కూర్చున్నాం. కూర్చునే లోపల మెడలో గడ్డలు వచ్చాయి. అప్పుడు నువ్వు ఇంకా చదువుకుంటున్నావు. నేను ఆసుపత్రి వరండాలో మా అన్న పక్కనే ఉన్నాను. మళ్లీ అలా కూర్చోలేను.

మీ మామదీ ఇదే మాట. నీ రెండు ప్రశ్నలూ అడిగితే, "ముల్లు గుచ్చుకోని కాలు ఈ ఊళ్లో యాడుండాది?" అన్నాడు. పలుకుల సంగతి ఆయన చూసుకోలేదు. సర్జన్ దగ్గరికి తనంతట తానే పోయి, "సార్, కొంచెం కొంచెం కోసేదెందుకు? తీసేదేదో ఒక్కసారి తీసెయ్యి" అని చెప్పి వచ్చాడు. పన్నెండో తేదీ చేరమన్నారు.

నీ మీద కోపం లేదు. ఓపిక అయిపోయింది.

వరలక్ష్మి

*

హిందూపురం
5 ఆగస్టు 2024

అత్తా,

ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు. మధును పిలిపించి చేతికిస్తున్నాను. మామను ఎదురుగా కూర్చోబెట్టి చదివి వినిపించు.

ముందు నాయన సంగతి. నాయన ఆ పుండును మనకెవరికీ చెప్పకుండా ఏడాదిపైనే దాచాడు. వక్కాకు మానేయమంటారని దాచాడు. మొదటి ముక్క తీసే రోజుకే మెడ గడ్డలు ఉన్నాయి. వాటిని డాక్టరు తడిమి చూసి రాసిన కాగితం నేను చూశాను. రెండో ముక్క కోసం మనం వేచి ఉన్నది కొద్ది రోజులు. నాయనను తీసుకుపోయింది ఆ కొద్ది రోజులు కావు అత్తా. నువ్వు ఆ వరండా గుర్తొచ్చి కోప్పడ్డావని నాకు తెలుసు.

మామా, ఇది నీకు. నేను దాచిపెడుతున్నది ఏమీ లేదు. ఇది కేన్సర్ అని నాకు తెలిస్తే కాలు తీయించుకోమని నేనే వచ్చి చెప్పేదాన్ని. కాదని తెలిసినా చెప్పేదాన్ని. ఈ రోజుకు నాకు తెలియదు. మా మేడమ్ కూడా పలకలు చూసి, తెలియదనే రాసింది, లోతు ముక్క అడిగింది. మీ సర్జన్‌తో ఫోన్లో మాట్లాడాను. "నేనూ అదే చెప్పానమ్మా, మీ మామే ఒప్పుకోలేదు" అన్నాడు.

ఒక్క విషయం విను. ఆపరేషన్‌లో తీసేసిన కాలును పారేయరు. అది పరీక్షకు వస్తుంది, బహుశా నా బల్ల మీదికే. నేను దాన్ని కోసి, ముక్కలు తీసి, మైనంలో పోసి చూస్తాను. అప్పుడు అందులో కేన్సర్ కనిపించకపోతే, ఆ మాట రాసిన కాగితం నేను ఎవరి చేతికివ్వాలి? కాలు తీయడానికి ఎప్పుడైనా వీలుంది. తిరిగి పెట్టడానికి వీల్లేదు. మత్తిచ్చి తీస్తారు, నొప్పి తెలియదు. ఒక్క లోతు ముక్క ఇవ్వు మామా.

సర్జన్‌కు చెప్పాను, తీసినదాన్ని రెండు సీసాల్లో పంపమని. ఒకటి ఫార్మలిన్‌లో. రెండోది ఉత్త సెలైన్‌లో, ఎందుకంటే ఫార్మలిన్ పడితే క్రిములు చచ్చిపోతాయి, వాటిని పెంచి చూడలేం.

మంజుల

*

బుక్కపట్నం
19 ఆగస్టు 2024

మంజులకు,

నీ ఉత్తరం చదువుతుంటే మీ మామ తల వంచుకుని విన్నాడు. కాలు నీ బల్ల మీదికొస్తుందన్న దగ్గర ఆపమని చెయ్యెత్తి నవ్వాడు. ఈ రోగం వచ్చినాక ఆయన నవ్వడం అదే మొదటిసారి. "నేను లేకుండా నా కాలు హిందూపురం పోతాదా?" అన్నాడు. మర్నాడే ధర్మవరం పోదామని తనే అన్నాడు.

ముక్క తీశారు. మధు రెండు సీసాలూ నీకు అందించి వచ్చాడు. ఇన్నాళ్లూ నీ ఉత్తరం కోసం చూశాను. రాలేదు. నిన్న మధు ఫోన్ చూసుకుని, మొహం అదోలా పెట్టి బయటికి పోయాడు. గట్టిగా అడిగితే చెప్పాడు. "లోపల గింజలు కనపడినాయంట. వదిన మెసేజ్ పెట్టింది."

ఇంక నువ్వు రాయడానికి ఇబ్బంది పడొద్దు. గింజ పడిందంటే మొలుస్తుంది, ఒకచోట నుంచి ఇంకోచోటికి పోతుంది. ఆ మాత్రం నాకు తెలుసు. నువ్వు నీ పని చేశావు. మీ మామకు ఇంకా చెప్పలేదు. సర్జన్‌ను కలిసి మళ్లీ తేదీ అడుగుతాం.

మధు ఈ ఉదయం పెనుకొండ పోయి ఉద్యోగం మానేస్తున్నానని కాగితం ఇచ్చి వచ్చాడు. నన్ను అడగలేదు.

మొన్న నీకు కటువుగా రాశాను. మా అన్న సంగతి నువ్వు రాసింది నిజమే. ఆయన ఎప్పుడు చూసినా కుడివైపే నములుతుండేవాడు. నేను చూసి కూడా అడగలేదు.

మీ అత్త

*

హిందూపురం
21 ఆగస్టు 2024

అత్తా,

మామకు కేన్సర్ లేదు.

ఈ మాట నీకు ముందే చేరాలి కాబట్టి మధుకు ఇప్పుడే ఫోన్ చేసి, నీ ఎదురుగా నిలబడి గట్టిగా చెప్పమన్నాను. చెప్పే ఉంటాడు. అయినా రాతలో నీ దగ్గర ఉండాలి.

గింజలు అని నేను పెట్టింది నిజం. అవి కేన్సర్ గింజలు కావు. పుస్తకాల్లో వాటికున్న పేరే అది. నేను అడిగిన రవ్వ పలుకులు గుర్తున్నాయా, అవే. మొదటి ముక్కలో చీము కణాలు దేన్నో చుట్టుముట్టాయని రాశాను కదా, అవి చుట్టుముట్టింది వీటిని. రంగు వేసి చూస్తే ఒక్కొక్కటీ ముదురు నీలంగా, చుట్టూ గులాబీ అంచుతో, చిన్న దీవిలా ఉంది. అది క్రిముల ముద్ద. ముల్లుతో మట్టిలోనుంచి లోపలికి పోయి, ఏళ్ల తరబడి అక్కడే కాపురం పెట్టాయి. నొప్పి ఉండదు, అందుకే ఎవరూ పట్టించుకోరు. దీన్ని మైసిటోమా అంటారు, మదుర పాదం అని పాత పేరు. మన మెట్ట నేలల్లో ఉంటుంది గానీ తరచుగా కనిపించేది కాదు. నా చేతుల మీదుగా చూడడం ఇదే మొదటిసారి.

గింజ దొరికాక కూడా వెంటనే ఎందుకు రాయలేదంటే, ఈ జబ్బులో రెండు రకాలున్నాయి. ఒకటి బూజు జాతి వల్ల వస్తుంది, దానికి మందులు సరిగా పనిచేయవు, కోయాల్సి రావచ్చు. ఇంకోటి బ్యాక్టీరియా వల్ల, దానికి మందులున్నాయి. మామూలు రంగులో రెండూ ఒకేలా కనిపిస్తాయి. అందుకని వేరే రంగులు వేయించాను. గింజలో వెంట్రుకకంటే ఎన్నో రెట్లు సన్నని దారాలు ఊదారంగులో బయటపడ్డాయి. బ్యాక్టీరియానే. మా మేడమ్ కూడా చూసి అదే రాసింది. ఎక్స్‌రేలో ఎముక బాగానే ఉంది. సెలైన్ సీసాలోని ముక్కను పెంచుతున్నాం, అది నిదానంగా పెరుగుతుంది.

కాలు తీయనక్కర్లేదు. కానీ మందు చాలా నెలలు పడుతుంది. కొన్నాళ్లు ఇంజెక్షన్లు, మాత్రలు రోజూ. పుండు తగ్గిందనిపించినా ఆపకూడదు. ఆ ఇంజెక్షన్ కొందరికి చెవుల మీద, మూత్రపిండాల మీద పనిచేస్తుంది, కాబట్టి మధ్య మధ్య పరీక్షలు చేయించాలి.

మధు ఇచ్చిన కాగితాన్ని వెనక్కి తీసుకోగలడేమో అడగమను. మెసేజ్ నేను పెట్టకుండా ఉండాల్సింది. ఉత్తరం రాసి ఉంటే మీరిద్దరూ ఆ మూడు రోజులు అలా గడిపేవారు కాదు.

మంజుల

*

బుక్కపట్నం
14 నవంబర్ 2024

మంజులా,

దీపావళి అయిపోయింది. చేలో చెనక్కాయ పెరికాం, కాయ సన్నం. మధును కాంట్రాక్టరు మళ్లీ తీసుకోలేదు. ఆ చోటు ఎప్పుడో నిండిపోయిందన్నారంట. వాడు ధర్మవరంలో చీరల అంగట్లో చేరాడు. జీతం తక్కువ. వాడి ముందు ఆ మాట ఎత్తడం లేదు.

మీ మామకు ఇంజెక్షన్లు రెండు విడతలయ్యాయి. చెవి పరీక్ష చేయించాం, బాగుందన్నారు. "ఇంట్లో చెవుడు ఒక్కరికి చాలు" అని నర్సుతో చెప్పాడంట, ఆమె వచ్చి నా చెవిలో చెప్పి నవ్వింది. మాత్రలకు వికారం. సంగటి ముద్ద తెస్తే వాసన చూసి పక్కన పెడుతున్నాడు.

అడగాల్సింది ఒకటుంది. పువ్వు అణిగింది. కానీ దాని పక్కన కొత్తగా ఇంకో రంధ్రం పడి చీము వస్తోంది. ఊళ్లో ఒకరిద్దరు, కేన్సరే అయి ఉంటుంది, మీ మేనకోడలు సొంత మనిషని మెత్తగా చెప్పిందని అంటున్నారు. నేను నమ్మను. కానీ అడగకుండా ఉండలేకపోతున్నాను.

మీ అత్త

*

హిందూపురం
18 నవంబర్ 2024

అత్తా,

అడగడమే మంచిది. లోపల గూళ్లు చాలా ఉన్నాయి, మందు పట్టేటప్పుడు కూడా ఒకటి రెండు పగులుతాయి. అయినా సర్జన్‌కు చూపించి, ఆ చీమును పలక మీద పూసి పంపమను. ఊహించి నేను ధైర్యం చెప్పను, చూసి చెబుతాను.

పెంచిన ముక్కలో క్రిమి పెరిగింది. మామ వాడుతున్న మాత్రకు అది చస్తుందని తేలింది. అంటే మందు మార్చక్కర్లేదు.

మెత్తగా చెప్పానన్నవాళ్లకు ఒక సంగతి చెప్పు. ఆ రిపోర్టు కింద ఉన్నది నా సంతకం ఒక్కటే కాదు. ఇంకో డాక్టరు కూడా చూసి పెట్టింది.

వికారానికి మాత్ర తిన్నాక వేసుకోమను, ముందు కాదు. అమ్మ నీకు గోరింటాకు పొడి పంపింది.

మంజుల

*

బుక్కపట్నం
21 ఏప్రిల్ 2025

మంజులా,

చాలా రోజులైంది రాసి. ఆ చీములో కొత్తగా ఏమీ లేదని నువ్వు రాసినాక నా మనసు కుదుటపడింది. తర్వాత రాయడానికి పెద్దగా ఏమీ జరగలేదు. జరగకపోవడమే బాగుందనిపించింది.

రంధ్రాలన్నీ మూసుకున్నాయి. పాదం మీద నల్లటి గుంటలు మిగిలాయి, వాపు సగం తగ్గింది. మీ మామ ఒక సైజు పెద్ద చెప్పులు కుట్టించుకున్నాడు. వెంకటేష్ ఆ గొర్రెలను ఎప్పుడో సంతలో అమ్మేశాడు. మీ మామ అడగలేదు, ఇచ్చింది ఇచ్చిందే అంటాడు. సంక్రాంతికి ముందు నాలుగు గొర్రెపిల్లల్ని తెచ్చుకున్నాడు. చెరువుకట్ట దాకా తోలి తెస్తున్నాడు, అంతకు మించి పోవడం లేదు. మాత్రలు ఇంకా వేసుకుంటూనే ఉన్నాడు.

ఇప్పుడు ఇంకొకరి సంగతి. మా వీధిలో యల్లక్క అని ఉంది, నువ్వు ఎరగవు. కూలికి పోతుంది. మనిషి గట్టిది. మొన్న బట్టలు ఉతికే దగ్గర నన్ను పక్కకు పిలిచి, జాకెట్టు పక్కకు తీసి చూపించింది. ఎడమ రొమ్ములో గడ్డ, చింతగింజ కంటే పెద్దది. ఎన్నాళ్లయిందని అడిగితే, "తెలీదక్కా. నొప్పి లేదు, అందుకే ఊరుకుంటి" అంది. అదే మాట మీ మామ నోటి నుంచి రెండేళ్లు విన్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదంట. ముక్క తీస్తే రోగం నిద్ర లేచి ఒళ్లంతా పాకుతుందని ఎవరో చెప్పారంట. నిజమేనా? మీ మామకు పాకలేదు కదా అని నేను ఆమెతో అన్నాను. ఆయనది కేన్సర్ కాదు కదా అంది.

దానికి నువ్వే జవాబు రాయి. ఆమెను నేను తీసుకొస్తాను.

మీ అత్త

*

హిందూపురం
25 ఏప్రిల్ 2025

అత్తా,

నిజం కాదు. సూదితో ముక్క తీసినంత మాత్రాన కేన్సర్ నిద్రలేచి పాకదు. చూడకుండా వదిలేస్తే పాకుతుంది. రొమ్ము గడ్డకు కత్తి కూడా అక్కర్లేదు. మొద్దుబార్చి, లావు సూదితో దారపు పోగుల్లాంటి ముక్కలు తీస్తారు. రెండు కుట్ల పని కూడా కాదు.

ఆలస్యం చేయొద్దు. వచ్చే వారమే తీసుకురా. ఆడ డాక్టరే చూస్తుందని చెప్పు.

మంజుల

*

హిందూపురం
17 మే 2025

అత్తా,

యల్లక్క రిపోర్టు వచ్చింది. అందులో ఏముందో నీకు రాయను, మధు ఫోన్‌కూ పంపను. ముందు ఆమే వినాలి, నా నోటినుంచి వినాలి. గురువారం ఇద్దరూ రండి. నువ్వు గదిలో ఉండాలా వద్దా అనేది ఆమె ఇష్టం.

మంజుల

*

బుక్కపట్నం
24 మే 2025

మంజులా,

మేం క్షేమంగా చేరాం. నువ్వు నన్ను వరండాలో కూర్చోమన్నప్పుడు మనసు కష్టమైంది. యల్లక్కే అలా కోరిందని తర్వాత తెలిసింది. తలుపు మూసి ఉన్నంతసేపూ నేను గోడ మీది బొమ్మలు చూస్తూ కూర్చున్నాను. వరండాలో కూర్చోలేనని నీకు ఒకసారి రాశాను. కూర్చోగలిగాను.

ఆమె బయటికి వచ్చి నేరుగా బస్టాండు దారి పట్టింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. పెనుకొండ బస్టాండులో బస్సు చాలాసేపు ఆగింది. ఆమె నా వైపు తిరిగి ఏదో అంది, నాకు అందలేదు. మళ్లీ అంది. చెవి దగ్గర పెట్టాను. మూడోసారి చేనుకు అవతల ఉన్న మనిషిని పిలిచే గొంతుతో చెప్పింది.

"నాకు కేన్సరక్కా. చిన్నదంట. మందుంటాదంట."

బస్సంతా మా వైపు తిరిగింది. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కాసేపటికి కొంగు తీసేసి, "పోనీలే. ఇంట్లో యట్ల చెప్పేదా అని దారంతా అనుకుంటాండా. ఒకసారి చెప్పేస్తే వచ్చేస్తాది" అంది. నువ్వు చెప్పినవన్నీ నాకు వరసగా చెప్పింది. అదే ముక్కకు ఇంకా కొన్ని రంగులు వేస్తావని, ఏ మందు పనిచేస్తుందో వాటివల్లే తేలుతుందని, అది వచ్చేదాకా కంగారుపడి ఎక్కడికీ పరుగెత్తొద్దని. "ఆగాల్నంట. ఆగుతా" అంది. నేను నిరుడు ఆగలేకపోయాను. ఆమె నాకంటే మేలు.

బస్సు కదిలాక ముందు సీట్లోనుంచి ఒకమ్మాయి లేచి వచ్చింది. పెళ్లయి ఎక్కువ రోజులు అయినట్టు లేదు. మా సీటు కమ్మీ పట్టుకుని నిలబడి, యల్లక్క వైపు వంగి అడిగింది. యల్లక్క తర్వాత చెప్పింది నాకు, "ఆ డాక్టరమ్మ యాడ ఉంటాది?" అని అడిగిందంట. తనకో, వాళ్లమ్మకో చెప్పలేదంట. యల్లక్కే నీ ఆసుపత్రి గుర్తులన్నీ చెప్పింది. సూది పోటు ఎలా ఉంటుందో తన చేతి మీద గిల్లి చూపించింది.

యల్లక్క భర్తకు నిన్న సాయంత్రం చెప్పింది. ఆయన ఈ ఉదయం మా గడపలోకి వచ్చి, హిందూపురం బస్సు ఎన్ని గంటలకని మీ మామను అడిగాడు. తనూ వస్తాడంట. మీ మామ టైము చెప్పి, తన పాదం చూపించి, ఆయనతో చాలాసేపు మాట్లాడాడు.

ఆ అమ్మాయి పేరు అడగడం మరిచాం. కొత్తచెరువులో దిగింది. వచ్చిందీ లేనిదీ నువ్వు నాకు రాయవని తెలుసు. రాయొద్దులే. వస్తే చాలు.

మీ అత్త
వరలక్ష్మి